"ఏలినాతం డొక చాయఁ జూపినను": ఆ చాయ సూచనా, దిశా?

ప్రశ్న అడిగిన సభ్యులు:
సంస్థల నాయకత్వంలో మానవ వనరుల (హెచ్ఆర్) విభాగాధిపతి స్థానం ఎలా మారుతూ వచ్చిందన్న విషయమై ఒక వ్యాసం రాస్తున్నాను. విరాటపర్వంలో పాండవుల పురోహితుడు ధౌమ్యుడు వారికి కొలువు నీతి చెప్పే చోట వచ్చే "ఎండకు వాన కోర్చి" పద్యంతో దానిని మొదలుపెట్టాలని ఉంది. పని మీద పడినప్పుడు సేవకుడు ఎండ, వాన, ఆకలి, నిద్ర లెక్కచేయక, ఏలినవాడు ఒక చాయ చూపినా శ్రద్ధగా పని చేయాలన్నది దాని భావం. అయితే చివరి పాదం దగ్గర జ్ఞాపకం తడబడుతున్నది. తిక్కన అన్నది "ఏలినాతం డొక చాయఁ జూపినను" అనా, "ఒక జాడఁ జూపినను" అనా? పెద్దలెవరైనా చెప్పగలరు.

ఛందస్సుపై ఆసక్తి గల సభ్యులు:
ఉత్పలమాల గనుక గణాలు కట్టి చూశాను. చాయ అన్నా జాడ అన్నా గురువు మీద లఘువే కాబట్టి రెండూ ఇముడుతాయి. ఆ పాదంలో యతి "తం"కూ "దత్పరతం"లోని దకారానికీ మధ్య ఉంది, ప్రాస రెండవ అక్షరంతోనే ముగిసిపోయింది. అంటే ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు. నేను చదువుకున్న పాఠం మాత్రం చాయే. అసలు చిక్కు దాని అర్థంలో ఉంది. చాయకు నీడ అనే అర్థం ఉన్నది, "ఆ చాయలకు పోవద్దు" అనేటప్పుడు దిక్కు అనే అర్థమూ ఉన్నది. ఏలిక చూపినది లీలామాత్రమైన సూచనా, లేక స్పష్టమైన దిశా అన్నది తేలితే తప్ప మీ వ్యాసానికి ఈ పద్యం ఎంతవరకు పనికివస్తుందో చెప్పలేము.

హెచ్ఆర్ రంగంలో ఉన్న సభ్యురాలు:
నేను దిశ అనే పక్షాన్నే సమర్థిస్తాను, కారణం మా వృత్తి చరిత్రలోనే ఉంది. మా విభాగాన్ని పర్సనెల్ (సిబ్బంది) డిపార్ట్‌మెంట్ అని పిలిచిన కాలంలో హాజరు పట్టీలు, జీతాల లెక్కలు, సంజాయిషీ నోటీసులు ఆ విభాగం పనిగా ఉండేవి. కర్మాగారం మూయాలన్నా కొత్తది తెరవాలన్నా నిర్ణయం మరెక్కడో జరిగి, నియామకాల సంఖ్యగానో తొలగింపుల జాబితాగానో వీరి బల్ల మీదకు చేరేది. 1997లో నిర్వహణ శాస్త్ర ఆచార్యుడు డేవ్ ఉల్రిచ్ ఈ విభాగానికి నాలుగు పాత్రలను ప్రతిపాదించి, పాలనా నైపుణ్యంతోను, ఉద్యోగుల పక్షాన నిలవడంతోను పాటు వ్యూహంలో భాగస్వామ్యాన్ని, మార్పుకు సారథ్యాన్ని కూడా చేర్చారు. 2015లో వ్యాపార సలహాదారు రామ్ చరణ్, ఆయన సహరచయితలు మరొక అడుగు ముందుకు వేసి సీఈఓ (ముఖ్య కార్యనిర్వహణాధికారి), సీఎఫ్ఓ (ఆర్థిక విభాగాధిపతి), సీహెచ్ఆర్ఓ (మానవ వనరుల అధిపతి) ముగ్గురూ కలిసి సంస్థ శిఖరాన ఒక కూటమిగా పనిచేయాలని వాదించారు. డబ్బును ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నా, మనుషులను ఎక్కడ నిలపాలన్న ప్రశ్నా ఒకే సమావేశంలో ఒకే బరువుతో చర్చకు రావాలన్నది ఆ వాదనకు ప్రాణం. అందువల్ల నేటి విభాగాధిపతి సూచన అందుకుని పరుగెత్తే వ్యక్తి కాదు, చాయ చూపేవారిలో ఒకరు.

విశ్రాంత తెలుగు అధ్యాపకులు:
అమ్మా, మీ వృత్తి చరిత్ర నిజమే కావచ్చును, కాని దానిని తిక్కన మీద మోపకూడదు. ఏలినాతండు అన్నది ఏకవచనం. చాయ చూపేది ఒక్కడు, పని చేసేది మరొకడు. పైగా "ఒక చాయ" అన్నాడు. ఆ "ఒక"లోనే ఉంది కవి ప్రతిభ అంతా. నోరు తెరిచి ఆజ్ఞాపించనక్కరలేదు, ఏ కొంచెం సూచన అందినా చాలునని దాని భావం. నెల్లూరు ప్రభువు మనుమసిద్ధి కొలువులో మంత్రిత్వం నెరపిన కవి కనుక, ప్రభువు కనుసన్నకు ఉండే విలువను ఆయన అనుభవంతోనే ఎరుగును. నాలుగు పాదాలలో ఇల్లు, ప్రవాసం, ఆకలి, అలసట, నిద్ర, దాహం, ఒంటరితనం ఇన్నింటినీ ఇమిడ్చి, ఒక్క పొల్లుమాట లేకుండా పద్యం నడపడం ఆయనకు తప్ప సాధ్యమా?

హెచ్ఆర్ రంగంలో ఉన్న సభ్యురాలు:
మాస్టారూ, ఏకవచనం మాట ఒప్పుకుంటాను. కాని మేరీ బారా 2009లో జనరల్ మోటార్స్ ప్రపంచవ్యాప్త మానవ వనరుల విభాగానికి ఉపాధ్యక్షురాలై, 2014లో అదే సంస్థకు సీఈఓ అయ్యారు. లీనా నాయర్ 2016 నుంచి యూనిలీవర్ మానవ వనరుల అధిపతిగా ఉండి, 2022లో షనెల్ సీఈఓ బాధ్యతలు స్వీకరించారు.

విశ్రాంత తెలుగు అధ్యాపకులు:
వారు ఏలికలైన తరువాతి మాట అది. అంతకుముందు వారు ఏ చాయను చూసి పనిచేశారన్నదే పద్యం అడిగే ప్రశ్న. బారా ఆ విభాగానికి రాకముందు ఇంజినీరుగా తయారీ రంగంలో పనిచేశారు కదా. ఆ అనుభవానికి రావలసిన పేరును విభాగానికి ఇవ్వడం న్యాయమా?

మరొక సభ్యులు:
చాయ దగ్గరే అందరూ ఆగిపోయారు గాని, నా దృష్టిలో పద్యానికి ఇరుసు "కార్యము ముట్టిన చోట" అన్న మాట. ముట్టడం అంటే మీద పడడం, తప్పించుకోలేని ఘడియ రావడం. ఆకలి, నిద్ర లెక్కచేయకూడదన్న నియమం ఆ ఘడియకే పరిమితం. ఈ షరతును వదిలేసి మిగిలిన పద్యాన్ని మాత్రం చదివితే, ప్రతి దినమూ అత్యవసరమేనని నమ్మించే సంస్థకు అది చక్కని సాకు అవుతుంది. 2020లో మహమ్మారి వచ్చినప్పుడు కార్యం నిజంగా ముట్టింది. ఇళ్ళ నుంచి పని, ఆరోగ్య భద్రత, జీతాల కోతలు అన్నీ ఒక్కసారిగా మానవ వనరుల అధిపతుల మీద పడ్డాయి. కార్యం తీరిన తరువాత "ఇక ముట్టడం ఆగింది, మనుషులను ఇంటికి పంపండి" అని బోర్డు ముందు చెప్పవలసినదీ వారే. ధౌమ్యుడు సేవకుణ్ణి ఓర్చుకోమన్నాడు. ఎంతవరకు ఓర్చుకోవాలో ఏలికకు చెప్పే మనిషి ఆ పద్యంలో లేడు, సీహెచ్ఆర్ఓ పదవికి సార్థకత ఆ ఖాళీలో ఉన్నదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ప్రశ్న అడిగిన సభ్యులు:
ఈ కోణం నాకు తట్టలేదు, వ్యాసానికి ఎంతో ఉపకరిస్తుంది. అయితే చాయకు ఏ అర్థం రాసుకోమంటారు?

ఛందస్సుపై ఆసక్తి గల సభ్యులు:
సూచన అని రాస్తే "ఒక" అన్న పదానికి న్యాయం జరుగుతుంది, దిశ అని రాస్తే "చూపినను" అన్న క్రియకు న్యాయం జరుగుతుంది. నా మొగ్గు రెండవ వైపు.

విశ్రాంత తెలుగు అధ్యాపకులు:
నా మొగ్గు మొదటి వైపే. తత్పరత, అంటే మనసంతా పని మీదే నిలపడం, అన్న మాటను కూడా తూచండి: దిశ స్పష్టంగా చెప్పినవాడి పని చేయడానికి విధేయత చాలు, అస్పష్టమైన సూచనను పట్టుకుని చేయడానికే తత్పరత కావాలి.

హెచ్ఆర్ రంగంలో ఉన్న సభ్యురాలు:
మాస్టారూ, అస్పష్టమైన సూచనను పట్టుకుని ఒక విభాగం తత్పరతతో వందల మందిని తొలగించిన తరువాత, తాము అన్నది అది కాదని యాజమాన్యం చెప్పే సందర్భాలు మా రంగంలో ఉంటాయి. అందుకే సూచన అన్న అర్థం తిక్కనదే అయినా, మానవ వనరుల అధిపతి దానితో తృప్తిపడకూడదు. చాయ కనిపించిన వెంటనే పని మొదలుపెట్టకుండా, ఆ నిర్ణయం ఎవరిది, ఎందరి మీద పడుతుంది, దానికి జవాబుదారీ ఎవరు అన్న మూడు ప్రశ్నలకు లిఖితపూర్వకమైన సమాధానం అడిగే అధికారం ఆ పదవికి ఉండాలి.