రాష్ట్ర బిల్లు మీద సిటీ చేత లెటర్ పంపించాలంటే దారేంటి? (కాలిఫోర్నియా)

బే_ఏరియా_వాసి:
మా సిటీ కౌన్సిల్‌లో అయిదుగురు. వాళ్లలో ఇద్దరితో ఒక లెజిస్లేటివ్ కమిటీ ఉంది. రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలో నడిచే బిల్లుల మీద సిటీ మాట ఏంటో తేల్చేది ఆ ఇద్దరే. ఇళ్ల నిర్మాణం బిల్లు ఒకటి ఇప్పుడు సెనేట్ కమిటీ ముందుంది. సిటీ దాన్ని వ్యతిరేకిస్తూ లెటర్ రాయాలంటే, మీటింగ్‌కి వెళ్లి పబ్లిక్ కామెంట్‌లో మాట్లాడితే చాలా?

అజెండా_పురుగు:
చాలదండీ. అజెండాలో లేని విషయం మీద మీరెంత బాగా మాట్లాడినా ఆ పూట వాళ్లు ఓటు వేయడానికి లేదు. బ్రౌన్ యాక్ట్ (స్థానిక సంస్థల మీటింగులు బహిరంగంగా జరగాలనే కాలిఫోర్నియా చట్టం) ప్రకారం మామూలు మీటింగ్‌కి 72 గంటలు, స్పెషల్ మీటింగ్‌కి 24 గంటలు ముందే అజెండా పెట్టాలి. స్టాఫ్ రిపోర్ట్ రాసుకోవడానికి టైం కావాలి కాబట్టి రెండు మూడు వారాల ముందే సిటీ మేనేజర్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టండి. బిల్లు నంబరు, ఏ తేదీ సవరణ చదివి రాస్తున్నారు, ఏ కమిటీలో ఉంది, హియరింగ్ ఎప్పుడు: ఈ నాలుగూ మొదటి రెండు లైన్లలోనే ఉండాలి. మీ వాదన ఆ తర్వాత.

అంతకన్నా ముందు సిటీ లెజిస్లేటివ్ ప్లాట్‌ఫాం, అంటే ఎలాంటి బిల్లులకు సిటీ ఎటువైపో చెప్పే పత్రం, తీసి చదవండి. చాలా ఊళ్లలో కౌన్సిల్ దాన్ని ఏటా ఆమోదిస్తుంది. "జోనింగ్ మీద స్థానిక అధికారం తగ్గించే బిల్లులను వ్యతిరేకిస్తాం" (జోనింగ్ అంటే ఏ స్థలంలో ఏం కట్టవచ్చో చెప్పే నియమాలు) లాంటి వాక్యం అందులో ఉంటే, కొన్ని ఊళ్లలో ఓటింగ్ లేకుండానే మేయర్ సంతకంతో లెటర్ వెళ్లిపోతుంది. ఆ వాక్యాన్ని పేజీ నంబరుతో సహా చూపించండి, సగం పని అయిపోయినట్టే. అది లేకపోతేనే కమిటీ. ఇద్దరి కమిటీలో 1-1 పడితే ఏ పొజిషనూ లేనట్టే, అప్పుడిక పూర్తి కౌన్సిల్‌కి పంపమని అడగాలి.

క్యాలెండర్_గోడమీద:
పైవన్నీ సరే గానీ, అసలు దెబ్బ తినేది తేదీల దగ్గర. బిల్లు పెట్టాక మామూలుగా 30 రోజుల దాకా కమిటీలో కదలదు. మీకు దొరికే టైం ఆ నెలే. లెటర్లు లెజిస్లేచర్ పోర్టల్‌లో పెట్టాలి. గడువు ఒక్కో కమిటీకి ఒక్కోలా ఉంటుంది, చాలావాటికి హియరింగ్‌కి దాదాపు వారం ముందు. అది దాటితే కమిటీ విశ్లేషణ చివర మద్దతు, వ్యతిరేకత జాబితాలో మీ సిటీ పేరు రాదు. సభ్యుల ఆఫీసుల్లో ముందు తిరగేసేది ఆ జాబితానే.

ఇంకోటి, బిల్లు సవరించగానే పాత లెటర్ చెల్లని చిత్తు కాగితంలా అయిపోతుంది. అందుకే తీర్మానంలోనే "సవరణ వచ్చినా మా అభ్యంతరం తీరకపోతే స్టాఫ్ కొత్త తేదీతో లెటర్ మార్చి పంపవచ్చు" అని రాయించండి. బిల్లు అప్రోప్రియేషన్స్‌కి (ఖర్చు చూసే కమిటీకి) వెళ్లాక జోనింగ్ గురించి రాసి లాభం లేదు, అక్కడ ఖర్చు లెక్కే వింటారు. ఆ కమిటీ ఖర్చెక్కువ బిల్లులను పక్కనపెట్టే సస్పెన్స్ ఫైల్‌ను తేల్చే రోజున అయితే ఎవరినీ మాట్లాడనివ్వరు.

ఎస్‌బీ 79 (పెద్ద ట్రాన్సిట్ స్టాపుల దగ్గర ఎత్తైన అపార్ట్‌మెంట్లకు వీలిచ్చే సెనేట్ బిల్లు) చూడండి. లాస్ ఏంజెలెస్ కౌన్సిల్ 2025 ఆగస్టు 19న 8-5తో "సవరించకపోతే వ్యతిరేకం" అంది. అప్పటికే బిల్లు సెనేట్ దాటేసింది. అక్టోబర్ 10న గవర్నర్ సంతకం పెట్టారు.

అజెండా_పురుగు:
ఒప్పుకుంటాను, ఆలస్యమే. కానీ ఆ మాటల ఎంపిక మాత్రం సరైనదే. ఉత్తి "వ్యతిరేకం" అంటే బిల్లు పెట్టినవారు మిమ్మల్ని లెక్కలోంచి తీసేస్తారు. "సవరించకపోతే వ్యతిరేకం" అంటే వాళ్ల ఆఫీసు ఫోన్ చేయడానికి ఒక కారణం ఉంటుంది. రాష్ట్రం ఆమోదించిన హౌసింగ్ ఎలిమెంట్ (సిటీ ఇళ్ల ప్రణాళిక) ఉన్న నగరాలకు మినహాయింపు ఇమ్మంది లాస్ ఏంజెలెస్ కౌన్సిల్, అడిగింది స్పష్టంగా ఉంది. మీరూ సవరణ వాక్యాన్ని అక్షరాలా రాసి ఇవ్వండి. "స్థానిక అవసరాలను గౌరవించాలి" లాంటి గాలి మాటలు వద్దు.

బే_ఏరియా_వాసి:
మరి అయిదుగురికీ విడివిడిగా ఫోన్ చేసి, ఎవరు ఎటున్నారో చూసుకోవచ్చా?

అజెండా_పురుగు:
మీ అభిప్రాయం చెప్పండి, తప్పులేదు. "ఫలానా వారు సరేనన్నారు" అని ఇంకొకరి చెవిన వేయొద్దు. మీ ద్వారా ముగ్గురి (అంటే మెజారిటీ) అభిప్రాయాలు అటూ ఇటూ తిరిగితే అది సీరియల్ మీటింగ్, అంటే విడివిడి మాటలతో చాటుగా జరిగే మీటింగ్ కిందికి వస్తుంది, బ్రౌన్ యాక్ట్ ఉల్లంఘన. మీ సాయం వాళ్లకి తలనొప్పి అవుతుంది.

క్యాలెండర్_గోడమీద:
అజెండా పెట్టేశాక బిల్లు అడ్డంగా మారిపోతే ఒక దారి ఉంది. ఈ అవసరం ఇప్పుడే తెలిసింది, ఇప్పుడే తేల్చాలి అని మీటింగ్‌లో ఉన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది ఓటేస్తే ఆ అంశాన్ని కలుపుకోవచ్చు. అయిదుగురూ ఉంటే నలుగురు కావాలి. మీ కమిటీలో అయితే ఇద్దరూ ఒప్పుకోవాల్సిందే.