ప్రోఖొరోవ్కాలో నిజంగా గెలిచిందెవరు?

రిటైర్డ్ ఫిట్టర్:
రెండో ప్రపంచ యుద్ధంలో, రష్యాలోని కుర్స్క్ దగ్గర జరిగిన పోరులో 1943 జులై 12న ప్రోఖొరోవ్కా అనే ఊరి దగ్గర రష్యా ట్యాంకులు టైగర్లనే జర్మన్ బరువు ట్యాంకులను తుక్కు చేశాయని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. రష్యా సేనాని రోత్మిస్త్రోవ్ ఆ రోజు 400 జర్మన్ ట్యాంకులను పేల్చామని, అందులో 70 టైగర్లని చెప్పుకున్నాడు. ఎదురుగా ఉన్న జర్మన్ ఎస్ఎస్ కోర్‌లో (నాజీ పార్టీ సొంత సేనలోని పెద్ద దళం) అప్పటికి నడిచే టైగర్లే ఇంచుమించు 15. లేనివాటిని ఎలా పేల్చారు? జర్మన్లకు ఆ రోజు పూర్తిగా పోయినవి చాలా తక్కువ. రష్యా వైపు కాలినవీ దెబ్బతిన్నవీ కలిపి 300 పైనే. గెలుపంటే ఇదేనా?

ఎర్రబస్సు:
"పూర్తిగా పోయినవి" అంటే ఏంటి సార్? తిరకాసంతా ఆ మాటలోనే ఉంది. రెండేళ్ల కిందట నా ట్రాక్టరు కాలవలో పడింది. ఇంజన్ బ్లాకు పగిలింది. ఇన్సూరెన్సు సర్వేయర్ వచ్చి నాలుగు ఫొటోలు తీసి "రిపేరబుల్" అని రాసి పోయాడు. ఏడు నెలలు షెడ్డులో పడుంది. ఆ సీజనంతా నేను అద్దె ట్రాక్టరుతో దున్నించాను. జర్మన్లూ అంతే, చైను తెగినా గొట్టం వంగినా "రిపేరుకి" అని రాసుకున్నారు. 13 పొద్దున ఆ బండి యుద్ధానికి వచ్చిందా రాలేదా, అది చెప్పండి.

నిద్రపోని పిల్లి:
రష్యా స్టెప్పీ మైదానాల నుంచి కాలవ గట్టుకొచ్చాం.

గోదారి గట్టు:
జర్మన్ల కొత్త ట్యాంకులు, పాంథర్లు, అక్కడ ఎన్ని ఉన్నాయి?

రిటైర్డ్ ఫిట్టర్:
ఒక్కటీ లేదు. అవి పడమటి వైపు వేరే కోర్‌తో ఉన్నాయి.

ఎర్రబస్సు గారూ, ఆ నేల ఇంకొన్ని రోజులు జర్మన్ల చేతిలోనే ఉంది. వాళ్ల బళ్లను లాక్కెళ్లి బాగుచేసుకున్నారు. రష్యా బళ్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఇక అక్కడి కందకం సంగతి. 252.2 గుట్ట దాటి జోరుగా దిగిన టీ-34 అనే రష్యా ట్యాంకులకు ఎదురుగా రష్యన్లే అంతకుముందు తవ్వుకున్న ట్యాంకు కందకం ఉంది. కొన్ని నేరుగా అందులో పడ్డాయి. మిగతావి దాటే దారి కోసం ఒకేచోట గుమిగూడితే జర్మన్లు ఏరి ఏరి కొట్టారు. తాము తవ్విన గొయ్యి ఎక్కడుందో తమ డ్రైవర్లకే చెప్పుకోలేదు!

ఎర్రబస్సు:
కందకం సంగతి అలా ఉంచండి. 13న హిట్లర్ దాడి ఆపేయమన్నాడు. ఆగస్టు 5కల్లా జర్మన్ల చేతిలోని ఓర్యోల్, బెల్గొరొద్ నగరాలు పోయాయి. 23న ఖార్కోవ్ పోయింది. గెలిచినవాడు ఎక్కడైనా వెనక్కి పరిగెడతాడా?

రిటైర్డ్ ఫిట్టర్:
దానికి వేరే కారణాలున్నాయి. జులై 10న ఇటలీలోని సిసిలీలో మిత్రసేనలు దిగాయి. 12నే ఓర్యోల్ వైపు రష్యా ఎదురుదాడి మొదలైంది. కుర్స్క్‌లో జర్మనీ ఓడింది, కాదనను. నేను మాట్లాడేది ఆ ఒక్క రోజు, ఆ ఒక్క మైదానం గురించి.

ఎర్రబస్సు:
ఇలాగే మొదలుపెడతారు. 2019లో ఒక జర్మన్ పత్రికలో ప్రోఖొరోవ్కా స్మారకాన్ని కూల్చేయాలని రాశారు. మీకూ అదే కావాలా? మా నాన్న పార్టీ ఆఫీసు నుంచి తెచ్చిన సోవియట్ పత్రికలో ఈ యుద్ధం బొమ్మ కింది మాటలు చూపించి నాకు చదవడం నేర్పాడు. చచ్చేదాకా అది నిజమనే నమ్మాడు. ఇప్పుడు మీరొచ్చి ఆయన్ని వెర్రివాణ్ని చేస్తున్నారు.

నిద్రపోని పిల్లి:
అదీ అసలు విషయం.

రిటైర్డ్ ఫిట్టర్:
మీ నాన్నగారిని నేనొక్క మాట అన్నానా? నా మంట రోత్మిస్త్రోవ్ మీద. టీ-70 అని తేలిక ట్యాంకు, లోపల ఇద్దరే మనుషులు, 45 మి.మీ. తుపాకీ. టైగర్‌ది 88. అలాంటి బళ్లను కూడా పట్టపగలు, చాటులేని మైదానంలోకి తోలాడు. ఇన్ని ట్యాంకులు ఎలా పోయాయో తేల్చమని స్టాలిన్ తన పార్టీ పెద్ద మలెంకోవ్‌ను విచారణకు పెట్టాల్సి వచ్చింది. మా ఫ్యాక్టరీలో బాయిలర్ పేలినప్పుడు రిపోర్టులో "ఉత్పత్తికి ఆటంకం లేదు" అని రాశారు. పోయినవాళ్లలో ఒకడు నా పక్క బెంచీవాడు. మధ్యాహ్నం నా టిఫిన్ బాక్సులోంచి ఆవకాయ తీసుకునేవాడు. ఆ 70 టైగర్ల అంకె చూస్తే నాకు ఆ రిపోర్టే గుర్తొస్తుంది.

ఎర్రబస్సు:
ఈ మాట మొదట్లోనే చెప్పొచ్చు కదండీ.

అయినా రిపేరబుల్ అంటే పోయినట్టే. దాని దగ్గర మాత్రం నేను తగ్గను.

గోదారి గట్టు:
అన్నా, ఇంతకీ ట్రాక్టరు క్లెయిము వచ్చిందా?

ఎర్రబస్సు:
సగం.