స్టెంట్ తర్వాత టికాగ్రెలార్‌తో ఆయాసం: మాత్ర మార్చినవాళ్లు ఉన్నారా?

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 62 ఏళ్లు. గుండెపోటు వచ్చి, మందు పూత స్టెంట్ వేసి రెండు నెలలైంది. రక్తం గడ్డకట్టకుండా టికాగ్రెలార్ 90 మి.గ్రా. మాత్ర పొద్దున, రాత్రి. మధ్యాహ్నం భోజనం చేశాక ఆస్పిరిన్ 75.

టికాగ్రెలార్ వేసుకున్న గంటకల్లా, కదలకుండా కూర్చున్నా సరే, ఊపిరి అందట్లేదంటారు. కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. కొబ్బరితోటలో గట్టు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిస్తే మాత్రం ఏ ఇబ్బందీ లేదు, అదే విచిత్రం. ఈసీజీ, ఎకో, ఎక్స్‌రే బాగున్నాయి. ఊళ్లో డాక్టరుగారు గ్యాస్ అని పాంటాప్రజోల్ రాశారు (మా దగ్గర ఏదొచ్చినా గ్యాసే!), తేడా లేదు. తలగడ ఎత్తు పెట్టినా అంతే.

స్టెంట్ మీద పొర కట్టకముందే మాత్ర ఆపితే రక్తం గడ్డకడుతుందన్నారు కాబట్టి మానే ప్రసక్తే లేదు. వచ్చే వారం కాకినాడలో గుండె డాక్టరుగారికి చూపిస్తున్నాం. ఇలాంటి ఆయాసానికి మీవాళ్లకెవరికైనా డాక్టరు క్లోపిడోగ్రెల్‌కి (అదే పనికి వాడే ఇంకో మాత్ర) మార్చారా, మారిస్తే ఎన్నాళ్లకు తగ్గింది?