చిన్ రెస్ట్ మీద గడ్డం ఆనిస్తే రెప్పపాట్లు తగ్గుతాయా?

దృష్టిరేఖ:
ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో సహజ రెప్పపాట్లు లెక్కపెట్టాలి. ఒకసారి కుర్చీలో ఊరికే కూర్చోబెట్టి, ఇంకోసారి స్లిట్ ల్యాంప్‌కు (కంటి డాక్టరు కళ్లు పరీక్షించే, మైక్రోస్కోప్ ఉన్న యంత్రం) గడ్డం, నుదురు ఆనించి. ఒక్కో నిమిషం, సెకనుకు 30 ఫ్రేముల వీడియో. రెండో లెక్క తక్కువొస్తే తలకు ఆనిక ఇవ్వడం వల్లేనని రాయొచ్చా?

నల్లగీత:
రాయకూడదు. మీరు మార్చింది ఆనిక ఒక్కటే కాదు. స్లిట్ ల్యాంప్ ముందు మనిషి వంగుతాడు, కళ్లెదుటే మైక్రోస్కోప్ ఉంటుంది, కదలొద్దని ఎవరూ చెప్పకపోయినా బిగుసుకుపోతాడు. ఇక లైటు వేశారంటే సరేసరి.

ముందు ఎత్తు సరిచూడండి. పక్క కడ్డీ మీది నల్ల గీతకు బయటి కంటికొలికి సరిగ్గా రావాలి, చూడాల్సిన గుర్తు కూడా అదే ఎత్తులో ఉండాలి. కళ్లు గుర్తు కన్నా కిందుంటే చూపు పైకెక్కుతుంది. రెప్పల మధ్య సందు పెరుగుతుంది, కన్నీటి పొర ఎక్కువ మేర గాలికి ఆరుతుంది, రెప్పపాట్లు పెరుగుతాయి. కళ్లు గుర్తు కన్నా పైనుంటే కథ తిరగబడుతుంది. నుదుటి పట్టీ కనుబొమ్మ మీదికి జారినా రెప్ప తీరు మారుతుంది.

ఊరికే కూర్చున్నప్పుడు మీతో కబుర్లాడితే ఆ లెక్క పనికిరాదు. 1997లో రెప్పపాట్లు లెక్కపెట్టిన బెంటివోలియో పరిశోధక బృందం తేల్చిన సగటు నిమిషానికి ఊరికే ఉంటే 17, మాట్లాడుతుంటే 26, చదువుతుంటే 4.5. గడ్డం ఆనితే మాట ఎలాగూ ఆగిపోతుంది. మీకు కనిపించే తేడాలో సగం అదే కావచ్చు!

రెప్పచాటు:
ఆనికకు సొంత ప్రభావం అసలుండదని కాదు. చూపు బాగా పక్కకు తిప్పితే తలా తిరుగుతుంది, దాంతోపాటే రెప్ప పడుతుంది. తల ఆనించాక ఆ రకంవి తగ్గిపోతాయి. అందుకే తల తిరిగినప్పుడు పడ్డవి విడిగా రాసుకోండి.

యంత్రం వద్దు. టేబుల్ అంచుకు బిగించే విడి చిన్ రెస్ట్ తీసుకోండి. ఆనిక లేకుండా, గడ్డం మాత్రమే, గడ్డం నుదురు రెండూ: ఒకే మనిషికి మూడూ చేయాలి, వరస మాత్రం మనిషి మనిషికీ మార్చాలి. ఒక్కోటి 6 నిమిషాలు తీసి మొదటి నిమిషం వదిలేయండి. కొందరు నిమిషానికి నాలుగైదుసార్లే రెప్ప వేస్తారు, ఒక్క నిమిషంలో ఏం తేలుతుంది? ఫ్యాను, ఏసీ గాలి ముఖానికి తగలకూడదు. కాంటాక్ట్ లెన్సులు తీయించండి.

కళ్ల వీడియో తీస్తున్నామని చెప్పి అనుమతి తీసుకోండి. లెక్కపెట్టేది రెప్పపాట్లని మాత్రం అయ్యాకే చెప్పండి, ముందే తెలిస్తే ఎవరి రెప్పా మామూలుగా పడదు.

దృష్టిరేఖ:
30 ఫ్రేములు చాలవా?

నల్లగీత:
ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు. రెప్ప దిగడం 100 లోపే అయిపోతుంది, అంటే మీకు చిక్కేది రెండు మూడు ఫ్రేములు. మొత్తం లెక్కకైతే సరిపోతుంది. రెప్ప కింది రెప్పను తాకిందా, మధ్యలోనే వెనుదిరిగిందా అన్నది తేలదు. ఫోన్ స్లో మోషన్‌లో 120 పెట్టండి.