హన్నా కథని పిల్లల్లేని ఆడవాళ్ళకి గ్యారంటీలాగ చెప్పొచ్చా?

గోపాలపట్నం చెల్లి:
అందరికీ వందనాలు. మొన్న శనివారం మా స్త్రీల కూటంలో జరిగింది చెప్తాను, ఏ సంఘమో మాత్రం అడక్కండి. మెసేజ్ బైబిల్లో హన్నా మీద, పిల్లల్లేక ఏడ్చి, కొడుకునిస్తే దేవుడికే ఇచ్చేస్తానని మొక్కుకుని సమూయేలుని కన్నావిడ. చివర్లో పిల్లల్లేని వాళ్ళు ముందుకి రండి, ప్రార్థన చేస్తాం అన్నారు. నాకు పెళ్ళై 11 ఏళ్ళు, పిలిచిన ప్రతిసారీ వెళ్ళాను, ఈసారి ఎందుకో కాళ్ళు లేవలేదు. వెనకనుంచి ఒక ఆంటీ వీపు తట్టి "వెళ్ళమ్మా, విశ్వాసం లేకపోతే ఎలా" అన్నారు. తర్వాత ఒక సిస్టర్ బాబుని చంకనేసుకుని సాక్ష్యం చెప్తూ హన్నాలాగ కన్నీళ్ళతో అడిగితే దేవుడు ఇవ్వకుండా ఉంటాడా అంది. ఆవిడ సంతోషం ఆవిడది, తప్పు పట్టను. కానీ 11 ఏళ్ళు నేను ఏడ్చినవి కన్నీళ్ళు కావా? ఆటోలో అదే ఆలోచన, ఎన్ఏడీ జంక్షన్ దాటింది కూడా చూసుకోలేదు.

ఆ రాత్రి మొదటి సమూయేలు మొదటి అధ్యాయం మళ్ళీ నెమ్మదిగా చదివాను. హన్నా ముఖం ఎప్పుడు మారిందో చూడండి. 18వ వచనంలో లేచి వెళ్ళి భోజనం చేసింది, "దుఃఖముఖిగా నుండుట మానెను" అని ఉంది. బిడ్డ సంగతి 20వ వచనంలో వస్తుంది. అంటే షిలోహులో గుడి దగ్గరనుంచి కదిలినప్పుడు ఆమె ఒళ్ళో బిడ్డ లేడు, కడుపులోనూ లేడు. అక్కడి యాజకుడు ఏలీకి అసలు ఆమె ఏం అడిగిందో కూడా తెలీదు, ముందు తాగి వచ్చిందనుకున్నాడు, తర్వాత నీ మనవి దేవుడు దయచేయును గాక అని పంపించాడు, అంతే. ఆ మాటతోనే ఆమెకి అన్నం సహించింది. నా మటుకు హన్నా దగ్గర నేర్చుకోవాల్సిన విశ్వాసం అదే. సమూయేలు ఆమెకి దేవుడిచ్చిన బిడ్డ, ఆమెలాగ ఏడ్చిన అందరికీ బిడ్డనిస్తానని దేవుడు అక్కడ మాటివ్వలేదు. మీరేమంటారు?

కంచరపాలెం బ్రదర్:
సిస్టర్, మీ బాధ అర్థమైంది కానీ ఇలా చెప్తే ఇంకెవరైనా ఆశతో ప్రార్థన చేస్తారా? మాకు 9 ఏళ్ళకి బాబు పుట్టాడు. నా భార్య ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండేది, సరిగ్గా ఈ అధ్యాయం పట్టుకునే ఎదురుచూసింది. హెబ్రీ 11:11లో అబ్రాహాము భార్య శారా వయసు దాటిపోయాక కూడా విశ్వాసం వల్లే శక్తి పొందిందని రాసుంది కదా. అది మనం నేర్చుకోడానికి కాకపోతే ఇంకెందుకు రాశారు?

గోపాలపట్నం చెల్లి:
బ్రదర్, మీ బాబు గురించి నిజంగా సంతోషం. కానీ శారాకి దేవుడు పేరు పెట్టి, వచ్చే ఏడు ఈపాటికి కొడుకు ఉంటాడని మాటిచ్చాడు, అది విని ఆమె లోపల నవ్వుకుంది కూడా. ఆ మాట నాకెవరూ ఇవ్వలేదు. మీరు చెప్పిన హెబ్రీ 11లోనే ఇంకొంచెం కిందకి రండి, 35వ వచనం. స్త్రీలు చనిపోయిన తమవాళ్ళని తిరిగి బతికి పొందారని ఉంది, అదే వచనంలో ఇంకొందరు విడుదల లేకుండా హింసలు పడ్డారని ఉంది. ఇద్దరిదీ విశ్వాసమే అని అక్కడ రాసుంది. మనం సాక్ష్యానికి మాత్రం మొదటివాళ్ళనే మైకు దగ్గరికి పిలుస్తాం.

పాతపోస్టాఫీసు మేరీ:
మేము ఆర్సీఎం వాళ్ళం, అంటే రోమన్ కాథలిక్కులం. డిసెంబర్ 8 పండక్కి మేరీమాత గుడి ఉన్న రాస్ హిల్ ఎక్కే జనంలో అన్ని మతాల వాళ్ళూ ఉంటారు, బిడ్డ కోసం మొక్కుకునేవాళ్ళూ ఉంటారు, వద్దని ఎవరు చెప్పగలరు. కానీ బాప్తిస్మమిచ్చే యోహాను తల్లి ఎలీసబెతు విషయంలో లూకా రాసిన వరస చూడండి. ముందు భార్యాభర్తలిద్దరూ దేవుని దృష్టికి నీతిమంతులని రాశాడు (1:6), తర్వాతే వాళ్ళకి పిల్లల్లేరు, ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు అని రాశాడు. ఎవరైనా విశ్వాసం లేక పిల్లల్లేరు అంటే ఆ రెండు వచనాలు చూపించండి చాలు.

కేజీహెచ్ దారిలో నర్సు:
నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తున్నాను, మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు సగం మంది ఒంటరిగానే వస్తారు, భర్త టెస్టుకి రాడు. సమస్య మగవాళ్ళలోనూ ఉంటుంది, ఇద్దరిలోనూ ఉండొచ్చు. ప్రపంచంలో ప్రతి 6 మందిలో దాదాపు ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. మరి స్టేజి ముందుకి రమ్మన్నప్పుడు ఆడవాళ్ళనే ఎందుకు పిలుస్తారు? హన్నా భర్త ఎల్కానా అయితే కనీసం ఎందుకేడుస్తున్నావు, ఎందుకు తినట్లేదు అని అడిగాడు. శారా కొడుకు ఇస్సాకైతే భార్య కోసం తనే ప్రార్థన చేశాడు, ఆదికాండం 25 చూడండి, పెళ్ళినాటికి 40 ఏళ్ళు, కవలలు పుట్టేసరికి 60. ఇరవై ఏళ్ళు. ఆ మెసేజ్ పురుషుల కూటంలో ఎప్పుడైనా విన్నారా?

కంచరపాలెం బ్రదర్:
అది ఒప్పుకుంటాను. మా ఇంట్లో కూడా టెస్టులు అన్నీ ముందు తనకే చేయించాం, నేను వెళ్ళింది ఆరో ఏడు. కానీ సాక్ష్యం చెప్పొద్దంటే మాత్రం ఒప్పుకోను. దేవుడు చేసిన మేలు దాచుకోమంటారా?

పెదవాల్తేరు టీచరమ్మ:
దాచుకోమని ఎవరూ అనడంలేదు నాయనా. నాకు 67 ఏళ్ళు, పిల్లల్లేరు, ఆయన పోయి 15 ఏళ్ళయింది. సండే స్కూల్లో 40 ఏళ్ళనుంచి చెప్తున్నాను. ఒకప్పుడు నన్ను సీమంతాలకి పిలిచేవాళ్ళు కాదు, మన విశ్వాసుల ఇళ్ళల్లోనే, అది మనసులో ఇంకా ఉంది. ఏటి చెప్పమంటారు, హన్నాని ఏడిపించిన సవతి పెనిన్నా ఇంట్లోనే ఉంటుందనుకోకండి, సంఘంలోనూ ఉంటుంది. పెనిన్నా హన్నాని ఎక్కడ విసిగించేదో చూశారా, ఏటేటా యెహోవా మందిరానికి వెళ్ళినప్పుడు.

లూకా 2లో అన్న అని ఒక ప్రవక్త్రి ఉంది. హన్నా పేరే, గ్రీకులో అలా అయింది. పెళ్ళై ఏడేళ్ళే భర్తతో ఉంది, 84 ఏళ్ళ విధవరాలు, ఆవిడకి పిల్లలున్నారని ఎక్కడా రాయలేదు. ఆవిడ తండ్రి పేరు రాశారు, గోత్రం రాశారు, దేవాలయం వదలకుండా రేయింబగళ్ళు ఉపవాస ప్రార్థనలు చేసిందని రాశారు. ఆవిడ బాలయేసుని చూసి, విమోచన కోసం ఎదురుచూస్తున్న వాళ్ళందరికీ చెప్పింది. నా ఎరికలో స్త్రీల కూటంలో ఈ అన్న మీద మెసేజ్ రెండుసార్లే విన్నాను, రెండూ నేను చెప్పినవే.

సమూయేలు పేరున్నవాడు:
మధ్యలో వస్తున్నాను, సారీ. మా అమ్మ హన్నాలాగే మొక్కుకుంది, నేను పుట్టాను, పేరు కూడా అదే. ఇంటర్ అవ్వగానే బైబిల్ కాలేజీకి పంపేశారు, నన్ను ఎవరూ అడగలేదు. ఏడాదిన్నరకి వచ్చేశాను, ఇప్పుడు షిప్‌యార్డులో కాంట్రాక్టులో వెల్డింగ్ చేస్తున్నాను. అమ్మ ఇప్పటికీ మొక్కుబడి తప్పిందని భయపడుతుంది. అసలు సమూయేలుని కూడా దేవుడే పేరు పెట్టి పిలిచాడు కదా, అమ్మ మొక్కుకుంటే సరిపోతుందా? కథని ఫార్ములా చేస్తే పుట్టిన పిల్లలమీద కూడా పడుతుంది, అది చెప్దామనే రాశాను.

గోపాలపట్నం చెల్లి:
తమ్ముడూ, ఈ కోణం నాకు తట్టనే లేదు. అమ్మకి 18వ వచనం చదివి వినిపించు, ఆవిడ కూడా ఆ భయం పక్కన పెట్టి అన్నం తినాలి.

బ్రదర్, సాక్ష్యం చెప్పండి, తప్పకుండా చెప్పండి. 9 ఏళ్ళు ఎలా గడిచాయో కూడా చెప్పండి, ఆరో ఏడు వరకు మీరు టెస్టుకి వెళ్ళలేదన్న మాట కూడా చెప్పండి. నాలాంటిదానికి మీ బాబు ఫోటో కంటే అదే ఎక్కువ పనికొస్తుంది. నేను ప్రార్థన మానలేదు, ఇవాళ పొద్దున కూడా అడిగాను.

కంచరపాలెం బ్రదర్:
ఇదంతా నా భార్యకి చదివి వినిపించాను సిస్టర్. ఏడో ఏడు ప్రార్థన మానేసిందట, శుక్రవారాలు ఊరికే పస్తుండేదట, నాకు ఇప్పుడే చెప్తోంది. సాక్ష్యంలో ఎప్పుడూ ఆ మాట చెప్పలేదు.

గోపాలపట్నం చెల్లి:
అక్కకి వందనాలు చెప్పండి. టీచరమ్మా, మీ కూటం ఏ రోజు? అన్న గురించి మూడోసారి చెప్తే వినడానికి వస్తాను.

పెదవాల్తేరు టీచరమ్మ:
గురువారం 4 గంటలకి. బేగి రా తల్లీ, టీ అయిపోద్ది.