మన్యం రోగి చికిత్స మధ్యలో వెళ్లిపోతే తప్పు ఎవరిది?

వైద్య విద్యార్థి, మహారాణిపేట:
ఏజెన్సీ నుంచి ప్రాణాపాయంతో వచ్చినవారిలో కొందరు వైద్యం పూర్తికాకముందే వెళ్లిపోతుంటారు. వైద్యుల మాట కాదని వెళ్లారంటూ కేసు షీటు మీద ‘లామా’ అని రాస్తారు. అంతటితో సరి. అందుకని విశాఖలోని కింగ్ జార్జి ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌లో గిరిజనులకు ప్రత్యేక అత్యవసర వార్డు ఉండాలని కొందరి వాదన. నేను ఒప్పుకోను. వార్డు వేరైతే వెంటిలేటర్లూ మత్తు వైద్యులూ అసలు వార్డులోనే ఉండిపోతారు, గిరిజనులకు ఉత్త మంచాలే మిగులుతాయి. గిరిజన రోగులకు సాయపడే ఎస్టీ సెల్ అక్కడ ఎలాగూ ఉంది. పెట్టే డబ్బేదో పాడేరులో పెట్టాలి. 2024లో అక్కడ వైద్య కళాశాల కూడా మొదలైంది.

ఉపాధ్యాయుడు, పాడేరు:
కళాశాల వచ్చినందుకు మాకూ సంతోషమేనండీ. కానీ అన్ని విభాగాల్లోనూ నిపుణులు కుదురుకోవాలంటే ఏళ్లు పడుతుంది. ముంచింగిపుట్టు అవతల రోడ్డు లేని ఊళ్లో బాలింతకు రక్తస్రావం ఆగకపోతే ముందు డోలీ, తర్వాత 108, తర్వాత పాడేరు. అక్కడ కుదరకపోతే ఘాట్ దిగి విశాఖకు మరో వంద కిలోమీటర్ల పైమాటే. అంత దూరం వచ్చినవారు ఊరికే వెళ్లిపోతారా?

విశ్రాంత నర్సు, మధురవాడ:
బాబూ, వార్డు వేరు చేయకూడదన్న మీ మాట సబబే. కానీ వాళ్లు వైద్యుల మాట కాదంటున్నారనడం నాకు కష్టంగా ఉంది. మాట అర్థమైతే కదా, కాదనడానికి!

నేను పనిచేసిన ఆసుపత్రి పేరు అనవసరం. ఒక రాత్రి కాన్పు కష్టమైన కోడలిని తెచ్చిన అత్తగారికి కువి తప్ప మరో భాష రాదు. ఆపరేషను గురించి గబగబా చెప్పారు. ప్రతి మాటకూ ఆమె తల ఊపింది. వేలిముద్ర వేయించుకున్నారు. సిరా అంటిన వేలిని కొంగుకు తుడుచుకుంటూ, కోడలి వైపు చూపించి నన్ను సైగలతో ఏదో అడిగింది. బతుకుతుందా అనే అయి ఉంటుంది. తర్వాత రక్తం తెమ్మని చీటీ చేతికిచ్చారు. రక్తనిధి ఎటో తెలియక ఆ చీటీతో వరండాలోనే నిలబడిపోయింది. ఫైల్లో మాత్రం అంగీకారం పక్కాగా ఉంది.

వెంట వచ్చినవాళ్లకు తిండి ఉండదు, నడుం వాల్చే చోటు ఉండదు, ఊళ్లో కూలి పోతుంది. మనిషి దక్కదని తోస్తే, శవం ఊరు చేరుతుందో లేదోనన్న భయం వేరే. మహాప్రస్థానం వాహనం ఉచితమని వాళ్ల భాషలో చెప్పేవారెవరు?

కెనడాలోని విన్నిపెగ్‌లో 2008లో బ్రయాన్ సింక్లెయిర్ అనే ఆదివాసీ అత్యవసర విభాగంలో చక్రాల కుర్చీలో 34 గంటలు కూర్చుని, వైద్యం అందకుండానే చనిపోయాడు. అది మందులతో నయమయ్యే మూత్రాశయ ఇన్ఫెక్షను. తాగి ఉన్నాడనో, తలదాచుకోవడానికి వచ్చాడనో సిబ్బంది అనుకున్నారు. అక్కడ పరికరాలకు కరువేమీ లేదు.

వైద్య విద్యార్థి, మహారాణిపేట:
అమ్మా, బాధ నాకూ అర్థమైంది. కానీ కువి, ఆదివాసీ ఒడియా, పోర్జా, గదబ... ఎన్ని భాషలకు మనుషులను పెడతాం? అర్ధరాత్రి రక్తం పోతుంటే వైద్యుడు దుబాసీ కోసం ఆగాలా?

ఉపాధ్యాయుడు, పాడేరు:
ఆగమని ఎవరన్నారు? వైద్యుడు తన పని మొదలుపెడతాడు, ఆ పక్కనే దుబాసీ బంధువులతో మాట్లాడుతుంది. పోర్జాలు, గదబలు చాలామంది ఆదివాసీ ఒడియా మాట్లాడగలరు. కాబట్టి ఆ భాష, కువి వచ్చిన ఇద్దరుంటే చాలావరకు గడుస్తుంది. నర్సింగ్ చదివి ఖాళీగా ఉన్న ఆడపిల్లలు మా ఊళ్లలోనే ఉన్నారు.

విశ్రాంత నర్సు, మధురవాడ:
ఆస్ట్రేలియాలో చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆదివాసీ రోగికీ వైద్యులకూ మధ్య నిలబడేందుకు జీతమిచ్చి ఆదివాసీలనే నియమిస్తారు. ఇక్కడా పెట్టండి. కానీ పగలు కౌంటరులో కూర్చుని సాయంత్రానికి ఇంటికి వెళ్లే ఉద్యోగమైతే దండగ. రాత్రి షిఫ్టులో, క్యాజువాలిటీ గుమ్మం దగ్గరే ఉండాలి. సంతకం తీసుకునేటప్పుడు ఆ అమ్మాయి లేకపోతే ఎందుకు లేదో డ్యూటీ డాక్టరు కేసు షీటులో రాయాలి. జీతం గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఇస్తుందా, ఆసుపత్రి ఇస్తుందా అన్నది వాళ్లూ వాళ్లూ తేల్చుకోవచ్చు.