అప్‌డేట్: నాన్నగారి టార్చి వెలుగు తగ్గడానికి కారణం దొరికింది

పాత రీఛార్జబుల్ టార్చిలో 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసేసి 18650 అనే సైజు లిథియం సెల్ పెట్టాను, ఐదు నిమిషాలకే వెలుగు సగమవుతోంది, ఎందుకని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. సెల్ పోయిందనే అనుకున్నాను. కాదు.

"లైటు వెలుగుతుండగానే వోల్టేజీ కొలవండి" అని ఇక్కడ ఇచ్చిన సలహాయే దారి చూపింది. అప్పుడు సెల్ దగ్గర 3.9 వోల్టులున్నాయి, ఎల్ఈడీ దగ్గర 3 కూడా లేవు. స్విచ్ రెండు కాళ్ల మధ్యే 0.6 వోల్టు పోతోంది! లోపలి రేకులు నల్లబడిపోయాయి, కాసేపు వెలిగితే స్విచ్ వేడెక్కుతోంది కూడా. మిగతాది సన్నటి పాత వైర్లలో పోతోంది. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో కొత్త స్విచ్, లావు వైరు కొని మార్చాను. ఇప్పుడు అరగంటైనా వెలుగు దాదాపు అలాగే ఉంది.

ఇంకోటి, పాత ఛార్జింగ్ సర్క్యూట్ అలాగే ఉంచానని చెప్పినప్పుడు ఒకరు గట్టిగా హెచ్చరించారు. వారికి నిజంగా రుణపడి ఉన్నాను. లిథియం సెల్ 4.2 వోల్టులకి నిండిపోతుంది, ఆ సర్క్యూట్ అక్కడ ఆగదు, సెల్‌కి చాలా ప్రమాదం. దాన్ని తీసేసి, ప్రొటెక్షన్ ఉన్న టీపీ4056 బోర్డు (లిథియం సెల్ ఛార్జింగ్‌కి వాడే చిన్న బోర్డు) పెట్టాను. ఇలా మార్చుకునేవాళ్లు ముందు ఆ పని చేయండి, వెలుగు సంగతి తర్వాత.